లంబసింగి దారి ఎవరు వేశారు?

డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున నర్సీపట్నం నుంచి చింతపల్లి వెళ్లే ఘాట్‌రోడ్డు మీద వరసగా కార్లు, మోటారు సైకిళ్లు కనిపిస్తాయి. విశాఖపట్నం నుంచి, రాజమండ్రి నుంచి మంచు చూడడానికి లంబసింగి వచ్చేవాళ్లు. పత్రికలు ఈ ఊరిని ఆంధ్రా కశ్మీర్ అంటాయి. ఇక్కడ పాతకాలం నుంచి ఉన్న పేరు కొర్రబయలు. రాత్రి బయట ఉండిపోతే మనిషి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు వచ్చిందని చెబుతారు. మొదటి పేరు చలిని చూసి వెళ్లేవాళ్లది. రెండోది ఆ చలిలో బతికేవాళ్లది.

"చలి కోసం ఇంత దూరం ఎందుకొస్తారు మాస్టారూ?" అని మా బడిలో ఒక పిల్ల అడిగింది. దానికి జవాబు చెప్పాలంటే చరిత్రలోకి వెళ్లాలి.

ఎండ దేశంలో చల్లని కొండలు వెతుక్కోవడం తెల్లదొరలు బాగా అలవాటు చేసుకున్నారు. కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివాన్ 1820 ప్రాంతంలో నీలగిరుల మీద ఇల్లు కట్టుకున్నాడు. అది తోడా జనం గేదెలు మేపుకొనే కొండ. తర్వాత ఊటీ మద్రాసు ప్రభుత్వానికి వేసవి రాజధాని అయింది. తోడాల మేతభూములు మాత్రం తగ్గిపోయాయి.

మన కొండలూ చల్లనివే. లంబసింగి సముద్ర మట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉంది. అయినా దొరలు ఇక్కడ ఊటీ కట్టలేదు. మన్యం జ్వరానికి భయపడ్డారు. మైదానం నుంచి వచ్చిన పోలీసులు, ఉద్యోగులు మలేరియాతో మంచాన పడేవారు. పితూరీల భయం కూడా ఉండేది. 1839లో చట్టం చేసి ఈ కొండలను మామూలు కోర్టుల నుంచి తప్పించి, కలెక్టరును ఏజెంటుగా పెట్టి పాలించారు. ఏజెన్సీ అనే మాట అక్కడి నుంచే వచ్చింది.

వాళ్లకు ఈ కొండల చలి అక్కరలేదు గాని కలప కావాలి, పన్ను కావాలి. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత పోడు మీద, మేత మీద, అడవి సరుకు మీద ఆంక్షలు పెరిగాయి. అడవిలోకి వెళ్లడానికి దారి కూడా కావాలి. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వైపు రోడ్డు పని మొదలైంది. గూడెం తహసీల్దారు బాస్టియన్ కొండవాళ్ల చేత ఆ పని చేయించాడు. కూలి సరిగా ముట్టలేదు, ఎదురు చెప్పినవాళ్లకు దెబ్బలు. బట్టిపనుకుల మునసబు గాం గంటందొర తన పదవి పోగొట్టుకున్నాడు.

ఆ కోపమే అల్లూరి సీతారామరాజు వెనుక నడిచింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద, మరుసటి రోజు కృష్ణదేవిపేట మీద, ఆ పై రోజు రాజవొమ్మంగి మీద దాడి జరిగింది. సెప్టెంబరులో దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులు చనిపోయారు. 1924 మే నెలలో రాజును కాల్చి చంపారు, జూన్‌లో గంటందొర పడిపోయాడు. ఆయన తమ్ముడు మల్లుదొర అండమాన్ జైలు చూసి వచ్చి, 1952లో పార్లమెంటుకు ఎన్నికయ్యాడు.

ఇప్పుడు కార్లు ఎక్కుతున్న దారి అదే. లంబసింగిలో ఫొటో దిగి వెళ్లేవాళ్లలో ఎంతమందికి ఇది తెలుసు? వాళ్లను తప్పు పట్టలేం. చెప్పవలసినవాళ్లం మనమే.

యాత్రికులు రావడం చెడ్డది కాదు. టీ, కాఫీ గింజలు, రాజ్‌మా, స్ట్రాబెర్రీలు అమ్ముకొని నాలుగు డబ్బులు చూస్తున్న కుటుంబాలున్నాయి. కాని భూమి పోతే ఆ డబ్బులు ఎన్నాళ్లు? 1959 నాటి ఒకటో రెగ్యులేషను, దానికి 1970లో వచ్చిన సవరణ ప్రకారం ఏజెన్సీ భూమి గిరిజనేతరులకు బదిలీ కాకూడదు. అనంతగిరి మండలం గనుల విషయంలో 1997లో వచ్చిన సమత తీర్పు, ప్రభుత్వం కూడా అలా ఇవ్వకూడదని చెప్పింది. చట్టం గట్టిదే. అయితే కాగితం మీద మన పేరు, పెట్టుబడి వేరొకరిది, లాభం వాళ్లది అయితే ఆ చట్టం ఏం చేస్తుంది? పేరు అరువిచ్చేది కూడా మనలో ఒకరే కదా!

అందుకే వసతి గదులైనా గుడారాలైనా ముందు గ్రామసభలో మాట్లాడుకుందాం. చెత్త ఎవరు ఎత్తాలో, వాగు నీళ్లు ఎవరివో అక్కడే తేల్చుకుందాం. నడిపేది మన సంఘాలే కావాలి.

ఆ పిల్లకు నేను చెప్పింది ఇది: "వాళ్ల ఊళ్లలో ఎండ ఎక్కువ తల్లీ, అందుకని వస్తారు. దారి అడిగితే చూపించు. ఆ దారి ఎవరు వేశారో కూడా చెప్పు."