నక్షా
కేంద్ర ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలో పట్టణ భూముల సర్వేను ‘నక్ష’ పేరుతో మొదలుపెట్టాక, ఇదేదో ఇంగ్లీషు పొడి అక్షరాలతో పుట్టిన మాట అనుకునేవాళ్లు ఎదురవుతున్నారు. అక్షరాలు తర్వాత కూర్చినవి, మాట పాతది. అరబ్బీ ‘నక్ష్’ అంటే చెక్కడం, బొమ్మ గీయడం. అది పారశీకం, ఉర్దూల మీదుగా మనదాకా వచ్చి చీలింది. కంసాలి, వడ్రంగి చేతుల్లో నగిషీ అయింది, నిజాం కాలపు రెవెన్యూ దఫ్తరంలో ఊరి పటమైంది. టీపన్, సేత్వార్ అని భూరికార్డుల పేర్లు పలికినంత చనువుగా తెలంగాణ రైతు నక్షా అంటాడు. ‘అది నక్షాబాట’ అన్నాడంటే ఊరి పటంలో గీత ఉన్న దారి, దాన్ని ఎవరూ దున్నుకోకూడదని. భూమి తగాదాను ఒక్క మాటలో తేల్చే ఇలాంటి సమాసాలంటే నాకు మహా ఇష్టం. చేర్యాలలో గుడ్డమీద కథలు గీసే నకాషీల పేరూ ఈ మూలం నుంచే వచ్చింది. వాళ్లు గీసేదాన్ని మాత్రం పటం అంటాం, సంస్కృతంలో పటమంటే గుడ్డే మరి. ఇప్పుడు నక్షా కంప్యూటరుకెక్కింది. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం నడిపే ‘భువన్’లో ఉపగ్రహ చిత్రం మీద నీటివనరులు, సాగునేల, రోడ్లు పొరలు పొరలుగా చూడవచ్చు. పాత గ్రామ నక్షాను అక్షాంశ రేఖాంశాలకు కుదిర్చి అలాంటి చిత్రంపై పరిస్తే, చెరువు శిఖం, అంటే నీరు నిలిచే నేల, ఎంత తగ్గిందో పరిశోధకులు కొలవగలరు. ఆ ఫలితాలు తెలుగులో రాసేటప్పుడు ‘మ్యాప్’ బదులు నక్షా అనే రాయండి, రైతుకు వెంటనే తెలిసే మాట అదే.