ఇంట్లో కరెంట్ మాటిమాటికీ ట్రిప్ అవుతోందా? తేడా ఎక్కడుందో ఇలా పట్టుకోండి

వీధిలో అందరికీ కరెంట్ ఉంది, మీ ఇంట్లో మాత్రం పోయింది. డీబీ బాక్స్ చూస్తే ఒక మీట కిందికి పడి ఉంది. పైకి వేస్తే నిలబడుతుంది, గంటకో పూటకో మళ్లీ పడుతుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిస్తే ఆయన వచ్చే సమయానికి అంతా బాగానే ఉంటుంది! అందుకే పిలిచే ముందు మీరే కొంత వెతికి పెట్టుకోవడం మంచిది. దీనికి స్క్రూడ్రైవర్ పట్టుకోవాల్సిన పని లేదు. చేతులు పొడిగా ఉండాలి, కాళ్లకు చెప్పులుండాలి, బాక్స్ లోపలి మూత విప్పకూడదు.

పడింది ఏ మీట?

గదులకు, ఏసీకి, గీజర్‌కు విడివిడిగా ఉండే చిన్న మీటలు ఎంసీబీలు. లోడు ఎక్కువైనా, షార్ట్ సర్క్యూట్ అయినా ఇవి పడతాయి. వేసిన వెంటనే ఠక్కున పడితే షార్ట్ అయినట్టే అనుకోవాలి, మళ్లీ మళ్లీ వేసి చూడొద్దు. కాసేపు నడిచి పడితే లోడు సంగతి చూడాలి. 3000 వాట్ల ఇన్‌స్టంట్ గీజర్, 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్, 1000 వాట్ల ఇస్త్రీపెట్టె ఒకే లైన్‌లో నడిస్తే 230 వోల్టుల దగ్గర సుమారు 26 ఆంపియర్లు లాగుతాయి. 16 ఆంపియర్ల ఎంసీబీ దాన్ని కొద్ది నిమిషాలకు మించి మోయదు. ఇలాంటప్పుడు చాలామంది చేసే పని 32 ఆంపియర్లది తెచ్చి బిగించడం. అప్పుడు మీట పడదు నిజమే, కానీ గోడలో ఉన్న తీగ పాతదే కాబట్టి అది వేడెక్కుతుంది. బరువైన వస్తువును వేరే లైన్‌కు మార్చడమే దీనికి మందు.

టెస్ట్ బటన్ ఉన్న పెద్ద మీట పడితే కథ వేరు. అది ఆర్‌సీసీబీ. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రాకపోతే, అంటే ఎక్కడో భూమిలోకి లీకవుతుంటే పడుతుంది. ఇళ్లలో వాడే 30 మిల్లీ ఆంపియర్ల రకం 15 దాటిన తర్వాత ఎప్పుడైనా పడొచ్చు.

లీకేజీని వెతకడం

ముందు అన్ని ప్లగ్గులూ తీసేయండి. స్విచ్ ఆపితే చాలదు. మన ఇళ్లలో గోడ స్విచ్ సాధారణంగా ఫేజ్‌నే ఆపుతుంది, న్యూట్రల్ కలిసే ఉంటుంది. ఎంసీబీలన్నీ దించి ఆర్‌సీసీబీ వేయండి. నిలబడితే ఎంసీబీలు ఒక్కొక్కటే వేస్తూ వెళ్లండి. ఏది వేస్తే పడుతుందో ఆ లైన్‌ తీగల్లోనే దోషం ఉందని అనుమానించాలి. అన్నీ నిలబడితే వస్తువులు ఒక్కొక్కటే పెట్టి చూడండి. ఎక్కువగా దొరికే దొంగ గీజరే: బోరు నీళ్ల ఉప్పు పేరుకుని కాయిల్ పాడవుతుంది. వాన పడినప్పుడే ట్రిప్ అవుతుంటే గేటు లైటు, మిద్దె మీది సాకెట్, మోటారు చూడండి.

ఇక్కడే ఒక మెలిక ఉంది. గీజర్ వేయగానే పడింది కాబట్టి తప్పు గీజర్‌దేనని తేల్చేయొద్దు. ఏదో ఒక గదిలో న్యూట్రల్ తీగ ఎర్త్‌కు తగులుతుంటే, ఇంట్లో ఎక్కడ పెద్ద లోడు వేసినా మీట పడొచ్చు. గీజర్ ప్లగ్ తీసేసి, వేరే గదిలో ఇస్త్రీపెట్టె పెట్టి చూడండి. అప్పుడూ పడితే న్యూట్రల్‌ను అనుమానించాలి. ఒక్క ధ్రువం ఉన్న ఎంసీబీ దించినా న్యూట్రల్ తెగదు కాబట్టి, ఎంసీబీలన్నీ దించినా ఆర్‌సీసీబీ నిలవకపోవచ్చు. ఇన్వర్టర్ పెట్టించాకే ఈ గోల మొదలైతే, ఇన్వర్టర్ న్యూట్రల్‌ను మెయిన్ న్యూట్రల్‌తో కలిపేశారేమో అడగండి. చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఇదే. ఏ వస్తువూ విడిగా తప్పు చూపకుండా అన్నీ కలిసి నడిచినప్పుడే పడితే, కంప్యూటర్, వాషింగ్ మెషిన్, టీవీల నుంచి లీకయ్యే కొద్దికొద్ది కరెంటు ఒకచోట చేరుతున్నట్టు.

విసుగెత్తి ఆర్‌సీసీబీని తప్పించి డైరెక్ట్ కనెక్షన్ ఇమ్మని ఎలక్ట్రీషియన్‌ను అడగొద్దు. ఆయనే ఇస్తానన్నా ఒప్పుకోవద్దు. స్నానాల గదిలో షాక్ కొట్టినప్పుడు కరెంటును ఆపేది అదే. టెస్ట్ బటన్ నొక్కినా మీట పడకపోతే దాన్ని వెంటనే మార్పించండి.

ఎవరిని పిలవాలి?

మీటర్ తర్వాతి వైరింగ్ మీ బాధ్యత. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో, వస్తువులన్నీ తీసేసి, 500 వోల్టుల మెగ్గర్ పరీక్ష చేయించండి. రీడింగ్ 1 మెగోమ్ కంటే తక్కువ వస్తే ఆ తీగ మార్చాల్సిందే. మీటరు దగ్గర, స్తంభం దగ్గర మంటలు, చిటపటలు ఉన్నా, కొన్ని గదుల్లో లైట్లు మరీ ఎక్కువగా, మరికొన్నింటిలో మసకగా వెలుగుతున్నా అది ట్రిప్పింగ్ సమస్య కాదు, సరఫరా న్యూట్రల్ ఊడిందేమో చూడాలి. మెయిన్ ఆపేసి, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయండి. బిల్లుపై ఉండే సర్వీస్ నంబరు చేతిలో ఉంచుకోండి, ముందుగా అదే అడుగుతారు.