రొట్టె చల్లారిన వేళ

2014 మార్చి 14న క్విజ్నోస్ అనే శాండ్‌విచ్ కంపెనీ దివాలా రక్షణ కోరుతూ అమెరికాలో కోర్టుకెక్కింది. నెత్తిమీద 57 కోట్ల డాలర్ల పైచిలుకు అప్పు. దేశదేశాల్లో ఆ బోర్డు కింద ఇంకా తలుపులు తెరిచి ఉన్న దుకాణాలు 2100 వరకు. అందులో కంపెనీ సొంతంగా నడిపేవి ఏడంటే ఏడు. తక్కినవన్నీ కంపెనీ పేరు వాడుకునే హక్కు కొనుక్కున్న ఫ్రాంచైజీ యజమానులవి. ఆ రోజు కోర్టు కాగితాల్లోకి ఎక్కింది ఒక కంపెనీ పేరే గాని, అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే, ఒక్కొక్కటిగా, చప్పుడు చేయకుండా, వేరెవరి ఇళ్లో కూలుతూ వచ్చాయి.

ఆ ఇళ్ల కోసమే ఈ నాలుగు మాటలు.

మొదలు మాత్రం ఎంత కమ్మగా ఉందో. 1981లో కొలరాడో రాష్ట్రం డెన్వర్ నగరంలో జిమ్మీ లాంబటోస్ అనే వంటవాడు ఒక చిన్న కొట్టు తెరిచాడు. అప్పటికి శాండ్‌విచ్ అంటే చాలాచోట్ల చల్లగా చుట్టి చేతిలో పెట్టేదే. క్విజ్నోస్ రొట్టె మాత్రం నిప్పు చూసి వచ్చేది. మెల్లగా కదిలే ఇనప పట్టీ మీద పొయ్యిలోకి ఇటు నుంచి పచ్చిగా వెళ్లి, అంచులు ఎర్రబారి, ఛీజ్ కరిగి, అటు నుంచి వెచ్చగా వచ్చేది. కాలిన రొట్టె వాసనకు భాష అక్కర్లేదు. దారిన పోయేవాడి కాలు దానంతటదే ఆగుతుంది.

అలా ఆగినవాళ్లలో రిక్ షేడెన్ అనే కుర్రవాడొకడు. తండ్రి రిచర్డ్ విమాన ప్రమాదాల కేసులు వాదించే లాయరు. ఇరవైల్లో ఉండగానే రిక్, తండ్రి అండతో, బౌల్డర్ ఊళ్లో క్విజ్నోస్ ఫ్రాంచైజీ తీసుకున్నాడు. 1991లో తండ్రీ కొడుకులిద్దరూ కలిసి కంపెనీనే కొనేశారు. అప్పటికి మొత్తం దుకాణాలు 18.

ఈ చోట నాకు కలం కదలదు. కంపెనీని కొన్నవాడు ఒకప్పుడు గల్లాపెట్టె వెనక నిలబడినవాడు. అద్దె తారీఖు దగ్గరపడుతుంటే గుండెలో మొదలయ్యే దడ తెలిసినవాడు. వాన పడిన మధ్యాహ్నం గిరాకీ లేక కొట్టు బోసిపోతే, కోసిపెట్టిన టమాటా ముక్కల వంక చూస్తూ కూర్చోవడం ఎలా ఉంటుందో ఎరిగి ఉండాల్సినవాడు. దుకాణదారు కష్టం పరాయిది కాని కంపెనీని కట్టగలిగేవాడంటూ ఉంటే అతనే కట్టాలి. ఆ అవకాశం అతని ఇంటి గుమ్మంలోనే నిలబడింది. చాలాకాలం నిలబడింది కూడా.

తర్వాత పరుగు మొదలైంది. 1994లో షేర్లు మార్కెట్లోకి వచ్చాయి. 2001 చివరికి వాటిని వెనక్కి తీసుకుని కంపెనీని మళ్లీ సొంతం చేసుకున్నారు. దుకాణాలు వందల నుంచి వేలకు పోయాయి. 2007 ప్రాంతానికి 5000 దరిదాపులకు చేరాయి. పద్దెనిమిది ఎక్కడ, ఐదు వేలెక్కడ! పత్రికలు మురిసిపోయాయి. టీవీల్లో ప్రకటనలు మోగాయి. ఊరూరా ఏరియా డైరెక్టర్లు వెలిశారు. వాళ్లు ప్రాంతాలవారీగా హక్కులు కొనుక్కున్నవాళ్లు. కొత్త ఫ్రాంచైజీ అమ్ముడైన ప్రతిసారీ వాళ్లకు వాటా ముట్టేది. కొత్తవాడి చేత సంతకం పెట్టించినందుకు డబ్బు రావడం, అతని కొట్టు నిలిచినా మూతపడినా ఆ డబ్బు వెనక్కి పోకపోవడం ఎంత ప్రమాదమో అప్పుడెవరికీ తట్టలేదు. తట్టినవాళ్లు పైకి అనలేదు.

సంతకం పెట్టిందెవరు? ఎక్కువమంది మనలాంటివాళ్లే. ఇరవై ఏళ్లు ఒకరి కింద పనిచేసి, ఇక చాలు, మనదంటూ ఒకటి ఉండాలి అనుకున్నవాళ్లు. పిల్లల చదువుకని దాచిన డబ్బు తీసినవాళ్లు, ఇల్లు తాకట్టు పెట్టినవాళ్లు, బ్యాంకు అప్పు తెచ్చినవాళ్లు. పేరు వాడుకునే హక్కు కోసం ముందుగా 25,000 డాలర్లు కట్టాల్సి వచ్చేది. కొట్టు తెరిచేసరికి రెండు లక్షల డాలర్లు దాటేది. కొందరైతే ఆ పాతిక వేలు కట్టి, తగిన చోటు దొరక్క, ఒక్క రొట్టె కూడా కాల్చకుండానే డబ్బు పోగొట్టుకున్నారు.

మన పల్లెల్లో కోరుకి చేసే సేద్యం తెలిసినవారికి ఈ కథలో మెలిక సులువుగా అర్థమవుతుంది. పంటలో వాటా తీసుకునే ఆసామికి పైరు బాగుండాలనే ఉంటుంది. చేను పండితే ఇద్దరికీ గింజలు, ఎండితే ఇద్దరికీ గడ్డి. ఫ్రాంచైజీలో రాయల్టీ అలాంటిదే. అప్పట్లో వంద డాలర్ల అమ్మకంలో క్విజ్నోస్‌కు రాయల్టీ కింద ఏడు, ప్రకటనల కింద నాలుగు. అది న్యాయమే. కానీ ఆ ఆసామే విత్తనాల కొట్టు, ఎరువుల కొట్టు కూడా పెట్టి, నా దగ్గర తప్ప ఇంకెక్కడా కొనకూడదని కాగితం రాయించుకుంటే? అప్పుడు చేను ఎండినా ఆయన గాదె నిండుతుంది. ఎండిన చేనును వదిలి రైతు వెళ్లిపోతే, కొత్త రైతు వస్తాడు. కొత్త విత్తనాలు కొంటాడు.

క్విజ్నోస్ ఫ్రాంచైజీ యజమానులు రొట్టె, మాంసం, ఛీజ్, చివరికి కాగితపు కప్పులు కూడా కంపెనీకి చెందిన సరఫరా సంస్థ ద్వారానే కొనాల్సి వచ్చేది. బయట అంతకంటే చవగ్గా దొరికే సరుకును తమకు ఎక్కువ ధరకు అంటగడుతున్నారని యజమానులు ఆరోపించారు. కంపెనీ కాదంది. ఇలాంటి కొట్లలో సరుకు ఖర్చు నూటికి ముప్పై ప్రాంతంలో ఉండాలని, తమకది నలభై దాకా పోతోందని వాళ్లు లెక్క చూపించారు. నలభై, ఏడు, నాలుగు తీసేస్తే నూటిలో మిగిలింది 49. అద్దె, జీతాలు, కరెంటు, బ్యాంకు కిస్తీ అన్నీ ఆ నలభై తొమ్మిదిలోనే సర్దుకోవాలి. అన్నీ సర్దాక ఇంటికి తీసుకుపోవడానికి ఏం మిగులుతుంది? భార్యాభర్తలిద్దరూ జీతం లేని పనివాళ్లుగా పన్నెండేసి గంటలు నిలబడితే, కొట్టు మాత్రం నిలిచేది. బయట చూసేవాళ్లకు వరస కనబడేది. వరసను చూసి ఇంకొకరు వెళ్లి సంతకం పెట్టేవారు.

ఫ్రాంచైజీ కొనడానికి వచ్చినవాళ్లలో చాలామంది వరసలో నిలబడ్డ జనాన్ని లెక్కపెట్టారు. కంపెనీ తన డబ్బును ఎవరి చేతుల్లోంచి సంపాదిస్తోందో లెక్కపెట్టలేదు. తిండి తినేవాడి నుంచా, తిండి అమ్మేవాడి నుంచా? ఒక ఫ్రాంచైజీ మంచిదా కాదా అన్న ప్రశ్నకు నేనైతే రుచి కంటే, పేరు కంటే, ప్రకటన కంటే ముందు ఈ సంగతే చూస్తాను.

అది రహస్యమా అంటే కాదు, అదే బాధ. అమెరికాలో 1979 నుంచి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ఉంది. ఫ్రాంచైజీ అమ్మేవాడు సంతకానికి ముందే ఒక వెల్లడి పత్రం చేతికివ్వాలి. సరుకు ఎవరి దగ్గర కొనాలో, ఆ కొనుగోళ్లతో కంపెనీకి ఎంత ఆదాయమో ఎనిమిదో అంశంలో చెప్పాలి. కోర్టు కేసుల చిట్టా మూడో అంశంలో ఉండాలి. ఆ పత్రం లావుగా, పొడిగా, లాయర్ల భాషలో ఉంటుంది. ఆశతో వచ్చినవాడికి అది చదివే ఓపిక ఎక్కడిది? పెళ్లి కుదిరాక పిల్లవాడి గుణగణాలు విచారించినట్టే.

కంపెనీకీ దారి మళ్లే మలుపులు లేకపోలేదు. పోటీదారు సబ్‌వే యజమానులు 1996లోనే తమ సొంత కొనుగోలు సహకార సంఘాన్ని పెట్టుకున్నారు. మన పాడి రైతుల సంఘాల్లాంటిదే. సరుకు బేరమాడేది యజమానులు, మిగిలిన లాభం యజమానులది. సబ్‌వేలో కష్టాలు లేవని కాదు, చాలా ఉన్నాయి. అయినా క్విజ్నోస్ ఆ ఒక్క ఏర్పాటును అనుకరించి ఉంటే ఎన్ని ఇళ్లల్లో ఇవాళ్టికీ పొయ్యి వెలుగుతూ ఉండేదో. కంపెనీ అది చేయలేదు. సబ్‌వే మాత్రం క్విజ్నోస్‌ను అనుకరించింది. 2005 నాటికి తానూ రొట్టె కాల్చి ఇవ్వడం మొదలుపెట్టింది. వేడి రొట్టె ఒక్కటే ఆస్తిగా ఉన్నవాడికి అది కూడా తనొక్కడిది కాకుండా పోయింది.

2006 చివర్లో కాలిఫోర్నియాలో కంపెనీతో వ్యాజ్యమాడుతున్న ఒక యజమాని ప్రాణం తీసుకున్నాడు. ఆయన పేరు ఇక్కడ రాయబుద్ధి కావడం లేదు. వెళ్తూ ఒక ఉత్తరం రాసిపెట్టాడు. తోటి యజమానుల సంఘం ఆ ఉత్తరాన్ని అందరికీ చూపించింది. అప్పుడైనా పెద్దలు ఒక్కరోజు లెక్కల పుస్తకాలు మూసి, దుకాణదారుల మధ్యకు వచ్చి కూర్చుని ఉంటే! బౌల్డర్‌లో కొట్టు నడిపిన ఆ పాత కుర్రవాడు ఒక్కసారి గల్లా వెనకకు వెళ్లి నిలబడి ఉంటే! జరిగింది వేరు. ఉత్తరం బయటపెట్టిన సంఘం బోర్డు సభ్యుల ఫ్రాంచైజీలను కంపెనీ రద్దు చేసింది. ఆ కథలో అన్నిటికన్నా చీకటి రోజు నాకు దివాలా రోజు కాదు, అదే.

ఆ తర్వాతి సంగతులు త్వరగా చెప్పేస్తాను, వాటి దగ్గర నిలవాలని లేదు. అప్పటికే, అదే ఏడాది ఒక పెట్టుబడి సంస్థ వాటా కొనడంతో కంపెనీ మీద అప్పు పెరిగింది. 2008లో ఆర్థిక మాంద్యం. సబ్‌వే ఐదు డాలర్లకు అడుగు పొడుగు శాండ్‌విచ్ అని దేశమంతా చాటింది. ఆ ఉపాయం పుట్టింది పెద్దాఫీసులో కాదు, మయామీలో ఒక దుకాణదారు బుర్రలో. దుకాణదారు మాట పైదాకా వెళ్లగలిగిన చోట అలా జరుగుతుంది. క్విజ్నోస్‌లో ఎదురు దిశలో జరిగింది. 2009 ఫిబ్రవరిలో పది లక్షల ఉచిత శాండ్‌విచ్‌ల కూపన్లు పైనుంచి దిగాయి. తమ సరుకు, తమ కూలి, తమ గ్యాసు. ఎవరో చేసిన దానానికి తమ కుండలోంచి వడ్డించాలా అని చాలామంది యజమానులు ఆ కూపన్లు తీసుకోలేదు. కాగితం పట్టుకుని వచ్చిన మనుషులు చీదరించుకుని వెళ్లారు. ఆకలితో వచ్చినవాడిని ఉత్త చేతులతో పంపడం ఏ పూటకూళ్లమ్మకైనా ఎంత తలవంపు!

అదే ఏడాది యజమానుల వ్యాజ్యాలను 9.5 కోట్ల డాలర్లకు పరిష్కరించుకునేందుకు కంపెనీ ఒప్పుకుంది. వేలమందికి పంచాల్సిన సొమ్ము అది. తాకట్టు పోయిన ఇల్లు దానితో తిరిగి రాదు. 2012లో, 80 కోట్ల డాలర్లు దాటిన అప్పును సర్దే క్రమంలో కంపెనీ పగ్గాలు అప్పిచ్చినవారి చేతికి పోయాయి. రెండేళ్లకు దివాలా. 2018లో ఇంకో సంస్థ కొనుక్కునేనాటికి అమెరికాలో మిగిలినవి అటూ ఇటుగా నాలుగు వందలు.

ఇంత దూరపు కథ మనకెందుకని అడిగితే ఒక్క మాట. ఇవాళ మన ఊళ్లలో టీ కొట్టు, మందుల షాపు, ఐస్‌క్రీం పార్లరు, చిన్నపిల్లల బడి, ఏదైనా ఫ్రాంచైజీగా దొరుకుతుంది. టెక్సాస్‌లోనూ న్యూజెర్సీలోనూ ఉద్యోగం చేసి దాచిన డబ్బుతో శాండ్‌విచ్ కొట్లు, పెట్రోలు బంకులు తీసుకున్న తెలుగువాళ్లూ ఉన్నారు. అక్కడివాళ్ల చేతికి కనీసం ఆ లావుపాటి పత్రం వస్తుంది. ఇక్కడ ఫ్రాంచైజీలకంటూ ప్రత్యేక చట్టమే లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం లాంటి మామూలు చట్టాలతోనే సరిపెట్టుకోవాలి.

అమెరికాలో ఇచ్చే ఆ వెల్లడి పత్రంలో ఇరవయ్యో అంశం అని ఒకటుంటుంది. ఏ ఏడాది ఎన్ని దుకాణాలు తెరిచారు, ఎన్ని మూశారు అన్న లెక్కతో పాటు, వదిలేసి వెళ్లిపోయిన యజమానుల జాబితా అందులో ఉంటుంది. పేరు, ఊరు, ఫోన్ నంబరు. దుకాణాలు కూలే కాలంలో అలాంటి జాబితా ఏటేటా పొడుగవుతుంది. అమ్మకానికి పెట్టిన పొయ్యి తెల్లారి ఎవరో వచ్చి పట్టుకుపోగా, ఖాళీ కొట్టు తాళం చెవులు భవనం యజమాని చేతిలో పెట్టి వచ్చి, ఇంట్లో కూర్చున్న మనిషి నంబరు అందులో ఉంటుంది. ఎవరైనా అడిగితే రాత్రంతా చెప్పేంత కథ ఆయన దగ్గర ఉంది. సంతకానికి వెళ్లే ముందు ఎవరో ఒకరు ఆ నంబరు నొక్కుతారేమోనని ఆ ఫోను అలా బల్లమీద ఉండిపోయింది.