పెంకుపురుగు పిల్ల (పొలంలో గుర్తింపు)

పొలంలో మట్టిలోనో ఎరువులోనో అరసున్నాలా వంగి కనిపించే తెల్లటి, లావుపాటి పురుగు చాలావరకు పేడపురుగుల కుటుంబానికి చెందిన పెంకుపురుగు పిల్లదశ. కాకినాడ జిల్లా పెద్దాపురం మెట్టకూ డెల్టాకూ అంచున ఉంది. కొబ్బరి, చెరకు, కర్రపెండలం పండే చోటు కాబట్టి ఇక్కడ ఒకే పోలికతో ఉన్న రెండు మూడు రకాలు ఎదురవుతాయి. రైతు వాటన్నిటినీ వేరుపురుగే అనుకుని మందు కొట్టడం మామూలే. నిజానికి అన్నీ పైరుకు శత్రువులు కావు.

మొదట కాళ్లు చూడాలి. రొమ్ము దగ్గర మూడు జతల కాళ్లుండి, పొట్ట కింద ఏమీ లేకపోతే పెంకుపురుగు పిల్ల అనుకోవచ్చు. పొట్ట కింద కూడా బొడిపెల్లాంటి కాళ్లుంటే అది సీతాకోకచిలుక, రెక్కలపురుగు జాతి గొంగళి. కొబ్బరి మానులో దొరికిన పిల్లకు అసలు కాళ్లే లేకపోతే ఎర్రముక్కు పురుగును అనుమానించాలి. అప్పటికే చెట్టు ప్రమాదంలో ఉన్నట్టు.

దొరికిన చోటు కొంత చెబుతుంది. పెంటకుప్పలో, కుళ్లిన కొబ్బరి మొద్దులో ఉండేది ఎక్కువగా కొమ్ము పురుగు పిల్ల. అది కుళ్లిన పదార్థమే తింటుంది, వేళ్ల జోలికి పోదు; కొబ్బరి మొవ్వును తొలిచేది రెక్కలొచ్చిన పురుగు. 1909లో శ్రీలంక నుంచి రబ్బరు మొక్కలతో సమోవా చేరి పసిఫిక్ దీవుల కొబ్బరిని దెబ్బతీసింది ఇదే. చెరకు, వేరుశనగ వేళ్లు కొరికేది వేరుపురుగు. దాని పెద్ద పురుగులు తొలకరి వానలకు భూమిలోంచి లేచి, పొద్దుగూకాక వేప, రేగు చెట్ల ఆకులు తింటాయి.

అయితే వేరుపురుగు పశువుల ఎరువుతో కలిసి పొలానికి చేరవచ్చు. అందుకే చోటు ఒక్కదాన్నే నమ్మకుండా తోక అడుగుభాగం భూతద్దంతో చూడాలి. వేరుపురుగుకు అక్కడ ముళ్లు రెండు వరుసలుగా నిలిచి ఉంటాయి, మలద్వారం చీలిక కోణంగా వంగి ఉంటుంది. కొమ్ము పురుగు పిల్లకు ఆ వరుసలుండవు, చీలిక అడ్డంగా ఉంటుంది. ఇంతకంటే సులువైన పరీక్ష మరొకటి ఉంది: పురుగును గట్టి నేల మీద వదిలితే, వెల్లకిలా తిరిగి కాళ్లు పైకెత్తి వీపుతో పాకేది పూలపురుగు జాతి పిల్ల. ఎరువులో పెరిగే ఈ పిల్లలతో పైరుకు పెద్దగా భయం లేదు.

కొమ్ము పురుగు పిల్లలని తేలితే కుప్పను తరచూ తిరగేసి ఏరేయడం, ఎరువులో మెటారైజియం శిలీంధ్రం కలపడం వాడుకలో ఉన్న పద్ధతులు. ఇంకా అనుమానంగా ఉంటే, దొరికిన ఎరువుతోనే ఒక డబ్బాలో పెంచి పెద్ద పురుగును చూడటమే నిక్కమైన దారి. కొమ్ము పురుగు పిల్లదశకు మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది.