ఆర్‌ఓ పొర

ఆర్‌ఓ పొర, అంటే రివర్స్ ఆస్మాసిస్ పొర, ఒత్తిడి పెట్టిన ఉప్పునీటిలోంచి నీటిని పోనిచ్చి, కరిగిన లవణాలను చాలావరకు ఆపే పలుచని పాలిమర్ పొర. సముద్రజలం ద్రవాభిసరణ పీడనం సుమారు 27 బార్లు. దాన్ని మించాలి గనుక శుద్ధికి సాధారణంగా 55–70 బార్ల ఒత్తిడి వాడతారు.

వాడుకకు పనికొచ్చిన తొలి పొరను 1960 ప్రాంతంలో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సిడ్నీ లోబ్, శ్రీనివాస సౌరిరాజన్ సెల్యులోజ్ అసిటేట్‌తో తయారుచేశారు. పైభాగం దట్టంగా, అడుగు గుల్లగా ఉండడం దాని విశేషం. అంతకుముందటి పొరలు ఉప్పును ఆపినా నీటిని బొట్లు బొట్లుగానే వదిలేవి.

నేటి పొరలకు మూలం జాన్ కడాట్ రూపొందించిన పాలీఅమైడ్ పొర. దీనికి అమెరికా పేటెంట్ 1981లో లభించింది. మెటా-ఫినిలీన్‌డయమీన్ ద్రావణంలో తడిపిన పాలీసల్ఫోన్ ఆధారపొరపై, నీటితో కలవని ద్రావణిలో కరిగించిన ట్రైమెసోయిల్ క్లోరైడ్‌ను పోస్తారు. రెండు ద్రవాలు తాకే చోట క్షణాల్లో, పాలమీద మీగడలా, 100–200 నానోమీటర్ల పాలీఅమైడ్ పొర కడుతుంది. ఉప్పును ఆపేది ఇదే. కిందివన్నీ దానికి ఊతం మాత్రమే.

పాలీఅమైడ్ పొర ప్రధాన లోపం సూక్ష్మజీవులను చంపే క్లోరిన్‌ను తట్టుకోలేకపోవడం. క్లోరిన్ అమైడ్ బంధాలను దెబ్బతీస్తుంది గనుక దాన్ని ముందే తొలగించాలి. తొలగిస్తే పొరమీద సూక్ష్మజీవుల పాచి పెరుగుతుంది.

2007లో పాలీఅమైడ్‌లో జియోలైట్ నానోకణాలు కలిపి నీటి ప్రవాహాన్ని పెంచారు. 2015లో లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు 10 నానోమీటర్లలోపు పొరలు తయారుచేశారు. పొర మందం కన్నా లోపలి సాంద్రత అంతటా సమంగా ఉండడమే ముఖ్యమని 2021 నాటి పరిశోధన చూపింది.

అయితే సముద్రజలంలో సగాన్ని మంచినీరుగా మార్చడానికి ఘనమీటరుకు సుమారు 1.06 కిలోవాట్ అవర్ల శక్తి సిద్ధాంతరీత్యా తప్పదు. ప్రవాహం ఎంత పెంచినా ఈ కనీసం తగ్గదు. అందువల్ల ప్రవాహాన్ని పెంచడం కన్నా బోరిక్ ఆమ్లం వంటి చిన్న అణువులను ఆపడం, పాచిని తట్టుకోవడం ఎక్కువ ప్రయోజనకరం.