సూరత్ చలికాలపు రుచి ‘పోంక్’: మన ఊచబియ్యానికి గుజరాతీ చుట్టం

తింటే సూరత్‌లో తినాలి, పోతే కాశీలో పోవాలి అని గుజరాతీలో ఓ సామెత ఉంది. సూరత్ వంటల్లో ఊంధియూ, ఘారీ, లోచో ఇప్పటికే చాలా ఊళ్లకు పాకాయి. చలికాలంలో తప్ప తాజాగా దొరకనిది, దూరం పోయేకొద్దీ రుచి తగ్గేది ఒకటుంది. అదే పోంక్.

జొన్న గింజ పాలు పోసుకుని, ఇంకా గట్టిపడక ముందే కంకి కోసి, కాల్చి, రాల్చితే వచ్చేది పోంక్. మన పల్లెల్లో చేను గట్టున ఊచబియ్యం తిన్నవారికి ఇంతకు మించి వివరించనక్కర్లేదు. మహారాష్ట్రలో దీన్ని హుర్డా అంటారు. సిరియా, పాలస్తీనా ప్రాంతాల్లో పచ్చి గోధుమను దాదాపు ఇలాగే కాల్చి ‘ఫ్రీకే’ చేస్తారు. కాకపోతే ఫ్రీకేను ఎండబెట్టి ఏడాది పొడవునా వండుకుంటారు. పోంక్‌కు ఆ వెసులుబాటు లేదు. గింజలో తడి ఉండగానే తినాలి.

మన దగ్గర ఊచబియ్యం చేలోనే పుట్టి చేలోనే అయిపోయే చిరుతిండి. సూరత్ దాన్ని నగరపు తిండిగా మార్చుకుంది. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా తాపీ నది ఒడ్డున అడాజణ్ వైపు పోంక్ దుకాణాలు వెలుస్తాయి. నిమ్మ-మిరియాల సేవ్, వెల్లుల్లి సేవ్, చిన్న చక్కెర గుళికలు కలిపి పిడికిళ్లతో తింటారు, పైన మజ్జిగ తాగుతారు. అల్లం, పచ్చి వెల్లుల్లి దట్టించి వేసే పోంక్ వడలు వేరే. వడ బాగుంటుంది కానీ, జొన్న తీపి తెలియాలంటే ఉత్త పోంక్ ఒక గుప్పెడు ముందు నోట్లో వేసుకోవాల్సిందే.

చేతిలోనే ఉంది కిటుకు

కంకుల్ని బూడిద కప్పిన నిప్పుల్లో కాలుస్తారు. వేడి తగ్గకముందే గుడ్డలో చుట్టి కర్రతో కొట్టి, చెరిగి పొట్టు తీస్తారు. దెబ్బ తక్కువైతే పొట్టు వదలదు, ఎక్కువైతే లేత గింజ చితికిపోతుంది. ఎప్పుడు ఆపాలో కొట్టే మనిషికే తెలియాలి.

రైతుకూ గడువు తక్కువే. కంకి సరైన పాకంలో ఉండేది కొద్ది రోజులే. ఆ తర్వాత అది మామూలు జొన్న, మామూలు ధర.

చెరకు వచ్చింది, జొన్న తగ్గింది

కాక్రాపార్ ఆనకట్ట, ఆ తర్వాత 1972లో పూర్తయిన ఉకాయ్ డ్యామ్ సూరత్ జిల్లాకు కాలువ నీళ్లు తెచ్చాయి. వర్షాధారపు జొన్న స్థానంలోకి చెరకు వచ్చింది. బార్డోలీలోని సహకార చక్కెర ఫ్యాక్టరీ దేశంలోని పెద్దవాటిలో ఒకటి. నీళ్లున్న రైతు చెరకు వేయడాన్ని తప్పుపట్టలేం. ఇంకోవైపు తీరంలో హజీరా భారీ పరిశ్రమల కేంద్రమైంది, వజ్రాలు, వస్త్రాలతో నగరం చుట్టుపక్కల పొలాల మీదికి విస్తరించింది. భారత్ ప్రతిపాదనపై ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. కానీ, పోంక్‌కు కావాల్సింది ప్రకటన కాదు, నగరానికి ఒక పూట ప్రయాణంలో ఉండే జొన్న చేను.

ఆ పొలాలను మింగిన నగరాన్ని నడిపిస్తున్నవారిలో తెలుగువారూ ఉన్నారు. మరమగ్గాల పని కోసం తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్ పరిసరాల్లో స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. సూరత్‌కు పోంక్ నగరపు పండగ అయితే, జొన్న చేలున్న ఊళ్ల నుంచి వచ్చిన పెద్దవారికి అది చిన్నప్పటి చేను గట్టు.

ఫ్రీజర్‌లో దాచిన పోంక్ కూడా ఇప్పుడు అమ్ముతున్నారు. వడలకు పనికొస్తుంది. సేవ్ కలుపుకుని తినాలంటే మాత్రం డిసెంబరులో సూరత్ రైలెక్కడమే మేలు.