గైడు పిల్లలకు చెప్పిన ఓటు కథ



ఝరాసంగం అనగానే మీలో చాలామందికి కేతకీ సంగమేశ్వరుని గుడి గుర్తుకొస్తుంది. ఆ ఊళ్ళోనే నా కాపురం. పదో తరగతితో చదువు ఆగిపోయినదాన్ని. అటువంటి నన్ను ఒక టీచరమ్మ పిలిచి, "మా గైడు పిల్లలకు పౌరసత్వం గురించి నాలుగు మాటలు చెప్పండమ్మా" అన్నారు. పుస్తకం పట్టుకుని హక్కులు, విధులు అని వల్లిస్తే పిల్లలు ఆవలిస్తారని నాకు తెలుసు. అందుకని వాళ్ళ మెడలో ఉన్న స్కార్ఫు దగ్గర్నుంచే మొదలుపెట్టాను.

1909లో లండనులోని క్రిస్టల్ ప్యాలెస్ దగ్గర మగపిల్లల స్కౌటు ర్యాలీ జరిగింది. ఎవరూ పిలవకపోయినా కొందరు ఆడపిల్లలు వచ్చి నిలబడ్డారు, తమనూ చేర్చుకోమన్నారు. మరుసటి ఏడే వాళ్ళకోసం గైడు సంఘం పుట్టింది. 1911లో మన జబల్‌పూరుకు వచ్చింది. 1912 మార్చి 12న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, సవానా అనే ఊళ్ళో, జూలియెట్ గోర్డన్ లో అనే ఆవిడ 18 మంది ఆడపిల్లలతో అక్కడి సంఘం మొదలుపెట్టారు. ఆవిడకు చెవులు సరిగా వినపడేవి కావు. అయినా వెనకాడలేదు.

ఇంతవరకూ చెప్పానో లేదో, వెనక వరసలోంచి ఒక పిల్ల లేచింది. "ఆ 18 మందీ పెద్దయినంక ఓట్లేసిన్రా అక్కా?" అని అడిగింది.

చూశారా! నేను చెప్పాలనుకున్న పాఠమంతా ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది.

అమెరికా వాళ్ళు 1776లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు. 1787లో రాజ్యాంగం రాసుకున్నారు. మన రాజ్యాంగంలాగే అదీ ప్రజల పేరుతోనే మొదలవుతుంది. కానీ ఆ ప్రజల్లో ఆడవాళ్ళను లెక్కపెట్టడానికి వాళ్ళకు చాలాకాలం పట్టింది. దేశమంతటా స్త్రీలకు ఓటు వచ్చేలా రాజ్యాంగాన్ని సవరించింది 1920లో. అంటే 1776 నుంచి లెక్కేస్తే 144 ఏళ్ళు! ఆ సవరణకు 36 రాష్ట్రాలు ఒప్పుకోవాలి. ఆ పిల్లల సొంత రాష్ట్రం జార్జియా 1919లో అందరికంటే ముందు కాదంది. చివరకు 36వ రాష్ట్రంగా టెనెసీ వంతు వచ్చింది. అక్కడి శాసనసభలో హారీ బర్న్ అనే 24 ఏళ్ళ కుర్రవాడు అంతవరకూ వద్దన్న వాళ్ళ పక్షాన ఉన్నాడు. అతని జేబులో తల్లి రాసిన ఉత్తరం ఉంది. స్త్రీలకు ఓటు ఇవ్వమని ఆవిడ కొడుక్కి రాసింది. అతను అమ్మ మాట విన్నాడు. ఆ ఒక్క మనసు మారడంతో సవరణ గట్టెక్కింది. అయినా దక్షిణ రాష్ట్రాల్లో నల్లజాతి స్త్రీలను ఏదో ఒక వంకతో ఓటుకు దూరం పెడుతూనే వచ్చారు. 1965లో గట్టి చట్టం వస్తేగానీ ఆ అడ్డు తొలగలేదు.

మరి మనకో? 1950 జనవరి 26న రాజ్యాంగం అమలయినప్పుడే 21 ఏళ్ళు నిండిన ఆడా మగా అందరికీ ఓటు హక్కు వచ్చింది. 1989 నుంచి ఆ వయసు 18 అయింది. రాజ్యాంగ సభలో 15 మంది స్త్రీలు కూర్చున్నారు. వారిలో మన దుర్గాబాయి ఒకరు. 1923 కాకినాడ కాంగ్రెసు మహాసభలప్పుడు ఆమెకు 14 ఏళ్ళు, అంటే మన గైడు పిల్లల ఈడే. ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర వాలంటీరుగా నిలబడి, టిక్కెట్టు లేదని నెహ్రూగారినే ఆపేసింది! పెద్దలు కోప్పడినా జంకలేదు. టిక్కెట్టు కొన్నాకే లోపలికి వదిలింది. నెహ్రూగారు మెచ్చుకున్నారు.

మా ప్రాంతం సంగతి కూడా చెప్పాను. 1948 సెప్టెంబరు దాకా మాది నిజాం ఏలుబడి. 1956 దాకా జహీరాబాదు తాలూకా బీదరు జిల్లాలోనే ఉండేది. రాజుగారి పాలనలో పుట్టిన మా అవ్వలు మొదటి సాధారణ ఎన్నికల నాటికి ఓటర్లయ్యారు.

కానీ ఆ ఎన్నికల్లో ఒక చేదు ముచ్చట ఉంది. జాబితా రాసేవాళ్ళు ఇంటికొచ్చి పేరడిగితే, ఉత్తరాది రాష్ట్రాల్లో ఎందరో స్త్రీలు తమ పేరు చెప్పలేదు. ఫలానా ఆయన భార్యను, ఫలానా వాడి తల్లిని అన్నారు. సొంత పేరు లేనిదే రాయనని ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ గారు పట్టుబట్టారు. అలా దాదాపు 28 లక్షల మంది స్త్రీల పేర్లు జాబితాలో లేకుండా పోయాయి. చట్టం ఇచ్చిన ఓటు గడప దగ్గరే ఆగిపోయింది.

ఇది విన్నాక పిల్లలకు ఒక పని చెప్పాను. "ఇంటికి పోయి మీ అవ్వ పేరు అడిగి రాసుకు రండి" అన్నాను. "ఓస్, ఇంతేనా" అని నవ్వారు. మరుసటి వారం ఇద్దరు ముగ్గురు రేషను కార్డు చూసి రాసుకొచ్చారు. అంతవరకూ వాళ్ళకు ఆ పేరు తెలియదట. ప్రశ్న వేసిన పిల్ల మాత్రం రెండు పేర్లు తెచ్చింది. కార్డులో ఉన్నది పెళ్ళిలో అత్తవారు పెట్టిన పేరు. రెండోది పుట్టింటి పేరు. "మా అవ్వ ముందుగాల చెప్పలేదక్కా. మాపటికి బియ్యం ఏరుకుంట మెల్లగ చెప్పింది. ఆ పేరుతోటి నన్ను పిలిచి యాభై ఏండ్లయింది బిడ్డా అని కండ్లు తుడుచుకుంది" అన్నది.

ఆ పూట నేనింకేమీ పాఠం చెప్పలేదు. గైడు పిల్ల మూడు వేళ్ళెత్తి చేసే ప్రతిజ్ఞలో దేవుడికి, దేశానికి సేవ, ఇతరులకు సాయం అని ఉంటుంది. తన ఇంట్లో ఒకావిడ పోగొట్టుకున్న పేరు తిరిగి తెచ్చివ్వడం సాయం కాదూ?

ఇవాళ మా ఊళ్ళల్లో పంచాయతీ సీట్లలో సగం స్త్రీలవే. అయినా "సర్పంచు ఎవరమ్మా?" అంటే ఆవిడ భర్త పేరు చెప్పేవాళ్ళు ఇంకా ఉన్నారు. కాబట్టి సోదరీమణులారా, ఈ రాత్రి వంటిల్లు సర్దుకున్నాక మీ అమ్మాయిని పిలిచి, వాళ్ళ నాయనమ్మ పేరు, అమ్మమ్మ పేరు అడగండి. తెలియకపోతే కోప్పడకండి. పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి. మీ పేరు కూడా చెప్పండి.